వంకలో పడిన చర్చి రాళ్లు

1979లో భూగర్భ జలాల శాఖలో జూనియర్ జియాలజిస్టుగా నన్ను మడకశిర వైపు వేశారు. కరువు పనుల కింద తాగునీటి బోర్లు వేయించడం మా పని. నేను పాయింటు గుర్తిస్తాను, రిగ్గు వచ్చి తవ్వుతుంది, నీళ్లు పడితే చేతిపంపు బిగిస్తారు. వినడానికి ఇంతే. అయితే ఊళ్లు బోలెడు, రిగ్గు ఒక్కటే. వంతు తప్పిన ఊరు మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

రిగ్గుకు ఆదివారాలు లేవు. పాస్టరు కొడుకునైన నాకు మొదట్లో ఇది ఇబ్బందిగానే ఉండేది. మా నాన్నగారు ఆదివారం గడ్డం కూడా గీసుకునేవారు కాదు. అలాంటి ఒక ఆదివారం పొద్దున, ఒక ఊరికి అవతల ఉన్న క్రైస్తవ కూలీల కాలనీకి బయల్దేరాం. ఏడాదంతా మొహం చాటేసిన వాన ఖర్మకాలి ముందురోజే కురిసింది. కాలనీ దారికి అడ్డంగా ఉన్న వంకలో, అంటే చిన్న వాగులో, ఇసుక మెత్తబడి రిగ్గు లారీ ముందు చక్రాలు దిగబడ్డాయి. ఎలాగో వెనక్కి లాగాం. అడుగున రాళ్లు పరిస్తేనే దాటిస్తానని, లేదంటే మధ్యాహ్నానికి బండిని తర్వాతి ఊరికి తిప్పేస్తానని డ్రిల్లరు మస్తాన్ ఖరాఖండిగా చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేం. బండికి ఏమన్నా అయితే జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

గుట్ట నుంచి రాళ్లు తోలుకొచ్చేసరికి సాయంత్రమవుతుంది. దగ్గరలో ఉన్నవి ప్రార్థన జరిగే బోదగడ్డి కప్పిన కొట్టం పక్కన పేర్చిన పునాది రాళ్లే. చర్చి కట్టుకోవాలని కాలనీవాళ్లు ఏళ్ల తరబడి కొట్టి, మోసి కూడబెట్టినవి. అందులో ఎక్కువ కష్టం ఉపదేశి యేసుదాసుది. జీతం లేని బోధకుడాయన. వారమంతా కూలికి పోయి, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని వాక్యం చెప్పేవాడు.

మస్తాన్‌ను వెంటబెట్టుకుని ఆరాధన మధ్యలో వెళ్లి సంగతి చెప్పాను. రాళ్ల మాట నేను ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. కంపలు కొట్టి వేస్తే చాలదా అని అడిగాడాయన. చాలదన్నాడు మస్తాన్. అప్పుడు ఉపదేశి తల దించుకుని, “అవి దేవుని పేరు మీద పెట్టినవి సార్. నా చేత్తో నేను తియ్యలేను,” అన్నాడు. మా నాన్నగారున్నా అదే మాట అనేవారు.

అంతలో ఆయన భార్య మరియమ్మ దూరపు తోట బావి నుంచి కడవతో వచ్చింది. విషయం తెలుసుకుని కడవ దించి, అందరి ముందే మొగుణ్ణి అడిగేసింది.

“ఆ రాళ్లు దేవునికి మోసినావు, సరే. నేను మోసే నీళ్లు ఎవురికి? ఆదివారం పూట నీ వాక్యం ఒకసారన్నా కూర్చోని విన్నానా నేను?”

ఆయన కాసేపు ఆ రాళ్ల కుప్పనే చూశాడు. తర్వాత బైబిలు మూసి, చొక్కా విప్పి గుంజకు తగిలించాడు. “పదండప్పా, మిగతా ఆరాధన వంకలో చేస్తాం,” అని మొదటి రాయి తానే ఎత్తుకున్నాడు.

ఆడా మగా వరుస కట్టి రాళ్లందించుకున్నారు. రిగ్గు దాటింది గానీ, దాని బరువుకు రాళ్లన్నీ ఇసుకలోకి కుంగిపోయాయి. మళ్లీ తీసే ఆశ లేదు. మధ్యాహ్నం దాటినా బోరులోంచి తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఉత్త బోరైతే వాళ్ల మొహాలు ఎలా చూడాలా అనుకుంటూ రిగ్గు చుట్టూ తిరిగాను. పొద్దు వాలేముందు పొడి తడిసి బురదైంది, ఆ తర్వాత నీళ్లు ఎగజిమ్మాయి. మస్తాన్ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

మరుసటి ఏడాది చేతిపంపు తనిఖీకి వెళ్తే బోద కొట్టం అలాగే ఉంది. చర్చి ఎప్పుడు కడతారని ఉపదేశిని అడిగాను.

“కట్టాల సార్. ఇప్పుడు ఆడోళ్లంతా వస్తాండారు, కొట్టం చాల్తాలేదు. మొగోళ్లం బయట నిలబడతాండాం,” అన్నాడు.

తర్వాత ఏ ఊరికి వెళ్లినా, పెద్దమనుషుల కంటే ముందు నీళ్లు మోసేవాళ్లను కలవడం మొదలుపెట్టాను. ఇక భక్తి సంగతంటారా, దేవుని కోసం ఏమి చేయకూడదో మా ఇంట్లో బాగానే నేర్పారు. ఏమి చేయాలో ఆ వంక దగ్గర చూశాను.