దోసకాయ బండి

పోయిన నెల మా ఎదురింటి బాబాయిగారు పోయారు. పొద్దున్నే పాల ప్యాకెట్లు పట్టుకుని మెట్లెక్కుతూ మధ్యలో కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. సాయంత్రానికల్లా పంజాగుట్టలోని మా అపార్ట్‌మెంట్ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫొటో, కింద పెద్ద అక్షరాలతో "తీరని లోటు". కట్టించింది మా అసోసియేషన్ కార్యదర్శి. దాన్ని చింపి పారెయ్యడానికి నా చెయ్యి ఎంత దురదపెట్టిందో మీకు చెప్పలేను.

నేను నల్లగొండ నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి వాళ్ళ ఎదురు ఫ్లాట్‌లో అద్దెకు దిగాను. మా వైపు చిన్నాయన అంటాం. ఆయన మాత్రం బాబాయ్ అనమన్నారు. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నా మొదటి ఇంటర్వ్యూకి దారి గీసిచ్చారు. బస్సు దిగే చోటు, మలుపు, షాపుల వరస అన్నీ ఉన్నాయి. ఒక పక్కన సన్నగా గళ్ళు కొట్టి, "ఇటు నీడుంటుందమ్మా, ఇటే నడువు" అన్నారు. ఆ ఉద్యోగం వచ్చింది. ఆ నీడ మాత్రం ఆయనిచ్చిందే.

పిన్నిగారిది గోదావరి ఒడ్డు. ఆ నది పుట్టిన చోటు, నాసిక్ దగ్గరి త్ర్యంబకం చూడాలని ఆవిడకు ఎన్నాళ్ళ కోరికో. అడ్డమల్లా మడి. స్నానం చేసి, ఎవరూ ముట్టని బట్ట కట్టుకుని, తన చేత్తో వండుకున్నదే తినాలి. హోటల్ మాట ఎత్తితే ముఖం తిప్పుకునేవారు. రైలెక్కితే అరటిపళ్ళే గతి. అందుకే వాళ్ళిద్దరూ పెళ్ళయినప్పటి నుంచి చీకటి పడేలోపు ఇల్లు చేరగలిగినంత దూరమే వెళ్ళారు.

ఒకసారి పాత పుస్తకాల కుప్పలో బాబాయిగారికి ఒక విదేశీ పత్రిక దొరికింది. అందులో వెనకటి కాలం చిన్న కార్లు గుండ్రటి ఇంటిబండ్లను వెనక తగిలించుకుని పోతున్న బొమ్మలున్నాయి. ఆయన తన తెల్ల కారు లాగగలిగే బరువెంతో లెక్క కట్టి, అమీర్‌పేట సందులో ఒక వెల్డింగ్ షెడ్డులో పని మొదలుపెట్టారు. చుట్టూ గోడ కనపడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు, మధ్యలో ఈ బండి. పైన మీగడ రంగు, కింద పసుపు, నడుముకు అల్యూమినియం పట్టీ, గుండ్రటి కిటికీలు. అందరూ గుడ్డు బండి అన్నారు. గుడ్డు అన్న మాటను కూడా ఇంట్లోకి రానివ్వని పిన్నిగారు దోసకాయ బండి అన్నారు.

లోపల ఇద్దరు పడుకునే చోటు, పొయ్యి గట్టు, రాగి బిందె కదలకుండా ఇనుప కడియం. మడిబట్ట ఆరేసుకోవడానికి పైన, ఎవరి తలా తగలనంత ఎత్తులో చిన్న దండెం. ఆ దండెం చూసి పిన్నిగారు చెయ్యెత్తి, అందుతుందో లేదో చూసుకున్నారు.

షెడ్డు నుంచి ఇంటికి తెస్తుంటే సిగ్నల్ దగ్గర ఆటో డ్రైవరు అడిగాడు. "ఏంది సార్, ఐస్‌క్రీం బండా?"

"కాదు నాయనా, మా ఆవిడ వంటిల్లు."

"మస్తుంది సార్" అన్నాడతను.

త్ర్యంబకం బయల్దేరేదాకా ఉంచుదామని, సెల్లార్‌లో ఈశాన్యం మూల ఖాళీగా ఉంటే అక్కడ పెట్టారు. అదీ నేరం. కార్యదర్శి మీటింగు పెట్టాడు. "ఏంటండీ ఇది? ఈశాన్యంలో అంత బరువా? నా ఫ్లాట్ కొందామని వచ్చిన ప్రతివాడూ వాస్తు బాలేదని పోతున్నాడు." సాఫ్ట్‌వేర్ వాళ్ళ పుణ్యమా అని ఫ్లాట్ల ధరలకు రెక్కలొచ్చిన రోజులు, ఆయన ఆత్రం ఆయనది. ఆ మనిషికి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల సంస్థ ఉంది. పొద్దస్తమానం పిల్లలకు లాజిక్ నేర్పించే మనిషి.

నాకు ఒళ్ళు మండింది. "నలుగురు వట్టుకుంటే లేస్తది గది. గంత బరువేమున్నది?" అన్నాను.

"అద్దెకున్నవాళ్ళు మాట్లాడకూడదమ్మా" అన్నాడు.

వేరే చోటు చూసుకునేదాకా ఆగమని బాబాయిగారు అడిగారు. కార్యదర్శి సరేనన్నాడు. దంపతులిద్దరూ శ్రీనగర్ కాలనీలో పెళ్ళికి వెళ్ళిన పూటే బండిని రోడ్డు మీదికి ఈడ్పించాడు. వెనక్కి వస్తున్న నీళ్ళ ట్యాంకరు దాన్ని గోడకేసి నొక్కేసింది. ఇప్పుడు ఆ మూలలో కార్యదర్శి కొత్త కారు ఉంటుంది. దానికి బరువు లేదు కాబోలు.

పోలీసుల దగ్గరికి వెళ్దామన్నాను. బాబాయిగారు నలిగిన తలుపు ముందు గొంతుకూర్చుని కొలతలు తీసుకుంటున్నారు. "కోపం వస్తే గీత వంకర పోతుందమ్మా. ముందు దీని సంగతి చూద్దాం" అన్నారు. ఆ నిదానం మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఒక్కసారి అరిచి ఉంటే ఏం పోయేది? బండిని మళ్ళీ షెడ్డుకు చేర్చి పైకప్పు సరిచేశారు. తలుపు బిగించకముందే పోయారు.

పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్ళిపోయాక, మొన్న పిన్నిగారు నా తలుపు తట్టారు. "అమ్మాయ్, నన్నోసారి హోటల్‌కి తీసికెళ్తావా?" నేను తెల్లబోయి చూశాను. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుని ఉన్నారు.

చౌరస్తా దగ్గర ఉడిపి హోటల్లో ఇడ్లీ చెప్పాను. సర్వరు ప్లేటు పెట్టి పోయాడు. ఆవిడ కాసేపు దాన్ని చూసి, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని మింగారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఏంది పిన్నిగారూ?"

"ఇది తినలేకనా ఆయన చేత అంత ఇనుము మోయించాను? ఆ కార్యదర్శిని రోజూ తిడుతున్నావుగా, నన్నూ తిట్టు. ఒక్కసారి ఇది మింగి ఉంటే, ఇద్దరం ఎప్పుడో రైలెక్కి వెళ్ళొచ్చేవాళ్ళం."

ఆవిడ కళ్ళలో చుక్క నీరు లేదు. రెండో ఇడ్లీ తుంచి చట్నీలో కసిగా అద్దారు. ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు నమిలారు. ప్లేటు ఖాళీ చేసి, తలెత్తకుండానే "ఇంకో ప్లేటు చెప్పు" అన్నారు.