మగ్గం గుంతలో మురుగు

ఇండ్లల్లోకి ఎగదన్నిన మురుగు తోడి, కడిగి, బ్లీచింగ్ చల్లి వచ్చేది నా పని. కర్నూల్లో మురుగు పీల్చే నా బండిని చూస్తానే ముక్కు మూసుకునేవాళ్ళు, తమ ఇంట్లోకి మురుగొస్తే మాత్రం ఫోన్ మీద ఫోన్ చేస్తారు. నాకు కోపం జాస్తి అని పేరు. రాకేం చేస్తుంది? పాత గుడ్డ మొదలు చీపురుపుల్ల దాకా లెట్రిన్లో వేసేది వాళ్ళు, ఎందుకిట్లాయె అని అడిగేది నన్ను.

ఆ పొద్దు ఫోన్ చేసింది ఎమ్మిగనూరు నుంచి, ఒక నేతాయన పెండ్లాం. పోయి చూస్తే మురుగు పొంగింది బాత్రూంలో కాదు, మగ్గం గుంతలో. నేసే మనిషి కూర్చొని కాళ్ళు దించి తొక్కే గుంత అది. తొక్కుడు చెక్కలు మునిగిపోయినాయి. పైన మగ్గానికి బిగించిన పచ్చ పడుగు దారాలు, సగం నేసిన చీర. మురుగుకూ పడుగుకూ నడమ జానెడు కూడా లేదు.

ఆయప్ప గడ్డపార పట్టుకొని బాత్రూం ముందర ఉండాడు. ఆయమ్మ దాని వాకిలికి అడ్డంగా నిలబడి ఉండాది. సంగతి ఆయమ్మే చెప్పె. పెండ్లయిన కాణ్నుంచి చెంబు పట్టుకొని కంపచెట్ల సాటుకు పోయిన మనిషి. మోకాళ్ళు పట్టేసినాక కొట్లాడి కొట్లాడి ఈ బాత్రూం కట్టించుకునింది. మగ్గమున్న ఇంట్లో లెట్రిన్ ఏందని ఆయప్పకు మొదట్నుంచీ ఇష్టం లేదు. దాని పైపు మగ్గం గుంత పక్కనుంచే వీధి కాల్వకు పోతాది. ఇప్పుడు పగలగొట్టి పూడ్చేస్తానంటాడు.

"పైపు చూసేదాకా ఆగప్పా," అంటి. "తప్పు బాత్రూందే అయితే నువ్వే పగలగొట్టు."

ఆయమ్మ నా పక్క చూసిన చూపుకు నా నోరు పడిపోను అనుకుంటి.

గుంతలోకి గొట్టం వేసి బండి ఆన్ చేస్తే మురుగు దిగె. దిగినట్టే దిగి మళ్ళా పైకొచ్చె. పక్కింటి నీళ్ళు కూడా అదే పైపులో కలుస్తాయంట. కొళాయి కట్టేయమని చెప్పి రాపోమ్మా అంటే, ఆయమ్మ వాకిలి వదల్లేదు. ఆడ్నుంచే గోడ మీదుగా అరిచె. అప్పుడు గుంత ఖాళీ ఆయె. మట్టి గోడ పక్కన పైపు అతుకు విడిపోయి కనపడె.

వీధి పక్కనుంచి పైపులోకి ఇనుప కమ్మీ దోస్తే మెత్తగా ఏందో తగిలి ఆగిపోయె. ఎంత దోసినా కదల్లేదు. ఇంటి లోపల టక్కుమని సద్దయింది. ఆయప్ప బాత్రూం మెట్టు మీద ఒక దెబ్బ వేసినాడు.  కమ్మీ కొస వంచి, తగిలించి, ఉన్న బలమంతా పెట్టి గుంజితి.

ముంజేయి లావు ముద్ద ఒకటి బయటికొచ్చె. బకెట్లో వేసి కడిగితే గంజి, గంజిలో బిగుసుకున్న నూలు పోగులు. వీధి కాల్వకు మూతలు పడినప్పటి నుంచి నూలుకు పట్టించగా మిగిలిన గంజి, తెగిన పోగులు ఆయప్ప తెచ్చి బాత్రూం తూములోనే పోస్తాండాడంట.

నా నోటికి శానా మాటలొచ్చె. ఒక్కటి కూడా అననీలేదు ఆయమ్మ. ముద్దను ఉత్త చేతుల్తో తీసుకొని పోయి మగ్గం దగ్గర పట్టుకునింది. పడుగుదీ దాందీ ఒకటే పచ్చ.

"బాత్రూం పగలగొట్టు," అనె. "దాంతో పాటు మగ్గం గుంత కూడా పూడ్చు."

ఆయప్ప గడ్డపార గోడకు ఆనించినాడు.

నేను అతుకు బిగించి, గుంత కడిగి, బ్లీచింగ్ గాలికి పచ్చ రంగు పోతాదని సున్నం చల్లితి. ఆయమ్మ అప్పటిదాకా బాత్రూం వాకిట్లోనే ఉండాది. "ఇప్పుడు పోవచ్చా?" అని మెల్లగా అడిగె. యాడికమ్మా అనబోయి ఆగిపోతి. తెల్లారినప్పటి నుంచి ఆపుకొని నిలబడిందంట. పోమ్మా అంటి.

లోపల గడియ పెట్టుకునింది. చెంబుతో నీళ్ళు పోసిన సద్దు వినపడె. ఆయప్ప, నేను మగ్గం మీదికి వంగి గుంతలోకే చూస్తా ఉంటిమి. చుక్క కూడా రాలేదు.