పొద్దున పదింటికి స్నానం

1982 జూన్ మొదటి వారంలో నాకు ఒక ఊరి సర్వే అప్పగించారు. అప్పటికి మధ్య కాలిఫోర్నియాలోని ఒక కౌంటీ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి మూడేళ్ళయింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. శాఖలో అందరికన్నా కింద జూనియర్ ఇంజనీర్, ఆపైన అసిస్టెంట్, ఆపైన అసోసియేట్, అందరి నెత్తినా సీనియర్. నేను అసిస్టెంట్‌ని. గుంటూరు జిల్లాలో రోడ్లు భవనాల శాఖలో తొమ్మిదేళ్ళు చేసి వచ్చినా ఇక్కడ మెట్లు మళ్ళీ కింది నుంచే ఎక్కాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర అసోసియేట్ పదవికి పంపే పేర్లలో నీ పేరుందని మా సీనియర్ వింటర్స్ చెప్పాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు దిద్దుకోవడానికి రెండు రోజులు ఎందుకు తటపటాయించానో పాఠకులకి తెలియాలి.

ఆ ఊరి పేరు రాయను. హైవే దిగి ఆరు మైళ్ళు వెళితే పియర్ తోటల మధ్య ఒకే ఒక వీధి. జపాన్ నుంచి కూలికి వచ్చి, తర్వాత కౌలు రైతులైనవాళ్ళు కట్టుకున్న ఊరు. ఒకప్పుడు ఆసియా నుంచి వలస వచ్చినవాళ్ళు కాలిఫోర్నియాలో భూమి కొనకూడదని చట్టం ఉండేది. అందుకని ఇళ్ళు వీళ్ళవి, నేల ఒక తెల్లవాడిది. చట్టం పోయి చాలా ఏళ్ళయినా నేల మాత్రం ఆయన మనవడి పేరునే ఉండిపోయింది. ఆ మనవడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. ఊరు చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు.

ఊళ్ళో చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. చెక్కపలకల గోడలతో ఒక బౌద్ధ మందిరం, దాని ముందు పందిరి నిండా ఊదారంగు పూలతీగ, పియర్‌పళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే పాత షెడ్డు, పొద్దున్నే సోయా పాలు విరిచి టోఫు చేసి అమ్మే దుకాణం. వీధి చివర రేకుల కప్పుతో ఒక ఉమ్మడి స్నానశాల. ప్లానింగ్ శాఖ వాళ్ళకి ఈ ఊరిని పర్యాటక స్థలం చేయాలని బుద్ధి పుట్టింది. రంగుల బ్రోషర్ కూడా అచ్చువేశారు. దాని అట్ట మీద ఎర్ర స్తంభాల ద్వారం ఒకటి. ఆ ఊళ్ళో అలాంటి ద్వారం ఏనాడూ లేదు. బొమ్మ గీసినవాడు ఊరికి వెళ్ళలేదు, ఏ హోటల్ మెనూ కార్డో చూసి గీసినట్టున్నాడు. లేని ద్వారాన్ని కొత్తగా కట్టాలి, వీధి చివర నలభై కార్లకి పార్కింగ్ వేయాలి, పార్కింగ్ పక్కన చిన్న ప్రదర్శనశాల పెట్టాలి. ఆ ప్రదర్శనశాలలో ‘సంప్రదాయ జపనీస్ స్నానశాల నమూనా’ ఒకటి ఉంటుంది. నమూనాలో నీళ్ళు ఉండవని డ్రాయింగ్ కింద స్పష్టంగా రాశారు.

పార్కింగ్‌కి చూపించిన జాగాలో అసలు స్నానశాల ఉంది. డ్రాయింగ్‌లో దాని చుట్టూ చుక్కల గీత గీసి, ‘తొలగించవలెను’ అన్నారు. నీళ్ళు లేని నమూనా చూడడానికి వచ్చే కార్ల కోసం నీళ్ళున్న స్నానశాల పడగొట్టాలన్నమాట! ఇన్నేళ్ళయినా ఈ వాక్యం రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయితే అప్పుడు మండలేదు. అప్పుడు దాన్ని నేను ఒక షెడ్డు అనుకున్నాను.

నా పని ఫీల్డ్ షీట్లు నింపడం. కట్టడానికి ఒక షీటు. పొడవు, వెడల్పు, గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు, స్థితి ఎలా ఉంది, వాడకంలో ఉందా లేదా. ఆ చివరి గడి చూడడానికి చిన్నదే గానీ దానిమీదే అంతా నడుస్తుంది. వాడకంలో ఉన్న కట్టడం తొలగించాలంటే వాడుకునేవాళ్ళందరికీ చేతికి నోటీసు ఇవ్వాలి, బహిరంగ విచారణ జరపాలి. వాడకంలో లేకపోతే నేల యజమానికి ఒక ఉత్తరం చాలు.

మా పనివేళలు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర. నాలుగున్నరకల్లా ట్రక్కు తాళాలు ఆఫీసులో అప్పగించాలి. స్నానశాల దగ్గరికి నేను వెళ్ళింది పొద్దున పది గంటలకి. తలుపుకి తాళం ఉంది. పలకల సందులోంచి తొంగి చూశాను. లోపల నేల పలకలు తడిగా ఉన్నాయి. ‘కప్పు కారుతున్నది. స్థితి: అధ్వాన్నం. వాడకం: లేదు’ అని రాసి సంతకం పెట్టాను. కాలిఫోర్నియాలో ఆ ప్రాంతాన ఏప్రిల్ దాటితే చినుకు పడదు. వాన లేకుండా కప్పు ఎలా కారుతుందని తొమ్మిదేళ్ళ అనుభవమున్న ఇంజనీరు గారికి తోచలేదు! పైగా నేను పుట్టింది పెరట్లో రాగి కాగు ఉన్న ఇంట్లో. కాగు కింద బూడిద చూసి ఇవాళ నీళ్ళు కాచారో లేదో చెప్పగలిగినవాణ్ణి. వెనక పొయ్యి వైపు వెళ్ళి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. వెళ్ళలేదు. ఎండగా ఉంది, ఇంకా ఆరు షీట్లు మిగిలాయి.

రోడ్డుకి అవతల చిక్కుడు మళ్ళలో గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ నన్నే చూస్తోంది. నేను చూడగానే నడుం వంచి నమస్కారం పెట్టింది. నేనూ తల వంచి ట్రక్కు ఎక్కాను. ఈ గది ఎవరిదమ్మా అని అడిగితే నా సొమ్మేం పోయేది?

షీటు వెళ్ళింది. నేల యజమానికి ఉత్తరం వెళ్ళింది. ఆయన తనకి అభ్యంతరం లేదని తిరుగు టపాలో సంతకం చేసి పంపాడు. ఊళ్ళో ఒక్కరికి కూడా కబురు లేదు. జులై చివరలో పార్కింగ్ హద్దులు గుర్తు పెట్టడానికి నన్నే పంపారు. ఎర్ర రంగు పూసిన కొయ్య మేకులు నాలుగు మూలలా దిగేశాను. తిరిగి బయల్దేరుతుంటే ట్రక్కు టైరు పంక్చర్ అయింది. ఆ ఒక్క పంక్చర్ వల్ల సాయంత్రం అయిదింటికి కూడా నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను.

స్నానశాల గొట్టంలోంచి పొగ వస్తోంది. అంటుకుందనుకుని పరిగెత్తాను. వెనక వైపు పొయ్యి ముందు చిన్న పీట వేసుకుని ఆ గడ్డి టోపీ ముసలావిడే ఎండిన పియర్ కొమ్మలు విరిచి మంటలోకి తోస్తోంది. ఆవిడ పేరు మోరిటా. వయసు డెబ్భై ఎనిమిది. పెళ్ళయి ఆ ఊరు వచ్చిన మర్నాటి నుంచీ ఆ పొయ్యి వెలిగించే పని ఆవిడదేనట. నేను ఆయాసపడుతూ నిలబడితే నావంకా, పక్కన దిగేసిన ఎర్ర మేకువంకా చూసింది. ఆవిడ ఇంగ్లీషు కొద్దిపాటిదే. అయినా ఏమందో నాకు బాగా తెలిసింది.

“మీరు పొద్దున వచ్చారు. పొద్దున ఎవరు స్నానం చేస్తారు? పొద్దున పని చేస్తారు.”

ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. చేతిలో చిన్న బేసిను, భుజాన తువ్వాలు. తోట పని చేసి వచ్చిన ముసలివాళ్ళు, పది పన్నెండు మంది. మధ్యలో పలకల అడ్డు, ఆడవాళ్ళకొక తొట్టి, మగవాళ్ళకొక తొట్టి. అందరూ ఒకే తొట్టిలోనా అని నేను మొహం చిట్లించాను. అప్పుడు ఒకాడా అనే పియర్ రైతు విడమరిచి చెప్పాడు. ఆయన అక్కడే పుట్టినవాడు, డెబ్భై ఏళ్ళవాడు, ఇంగ్లీషు నాకన్నా బాగా మాట్లాడతాడు. ముందు తొట్టి బయట పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కుంటారు. ఆ తర్వాతే తొట్టిలో దిగుతారు. అందరికన్నా పెద్దవాళ్ళు ముందు దిగాలి. నేను చూసిన తడి ఆ కడుక్కున్న నీళ్ళది. రాత్రి తడిసిన పలకలు పొద్దున పదికి ఆరతాయా?

మేకులు ఎందుకని ఒకాడా అడిగాడు. చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ పడమటి తీరాన ఉన్న జపాన్ వంశస్థులందరినీ ప్రభుత్వం ముళ్ళకంచెల శిబిరాలకి తరలించిన సంగతి పాఠకులకి తెలిసే ఉంటుంది. ఈ ఊరంతా మూడేళ్ళు అక్కడే ఉండి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఇళ్ళలో సామాను లేదు. అందరూ కలిసి మొదట చేసిన పని ఈ పొయ్యి వెలిగించడమట. ఇది చెప్పి ఆయన అన్నాడు.

“అప్పుడు కనీసం కరెంటు స్తంభానికి నోటీసు అంటించారు. ఈసారి అది కూడా లేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నోటీసు లేకపోవడానికి కారణం వింటర్స్ కాదు, ప్లానింగ్ శాఖ కాదు. ఆ చిన్న గడిలో నేను రాసిన మాట.

రెండు రోజులు మథనపడ్డాను. అసోసియేట్ పదవి కళ్ళ ముందు ఆడుతోంది. మూడో రోజు పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసు ముందు పెట్టి, “ఏంటండీ రెండ్రోజులుగా ఆ మొహం? రాసింది మీరే కదా, మీరే కొట్టేయండి. దానికింత ఆలోచనెందుకు?” అంది.

కొట్టేయడం నాకు తెలిసిన విద్యే. మన ఇంజనీర్లకి ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం, వేదం లాంటిది. అందులో తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మీద ఒకే ఒక్క గీత గీసి, పాత మాట కనబడుతుండగానే పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. ఆఫీసుకి వెళ్ళి ఫైలు తీయించాను. ‘లేదు’ మీద గీత కొట్టి, ‘ఉంది. ప్రతిరోజూ, సాయంత్రం అయిదు తర్వాత’ అని రాశాను. ‘కప్పు కారుతున్నది’ కూడా కొట్టేశాను. పొట్టి సంతకం పెట్టి వింటర్స్ బల్ల మీద ఉంచాను.

వింటర్స్ మొహం కందగడ్డలా అయింది. ఆమోదం పొందిన షీటు మీద చేయి పెట్టడం ఏమిటని కేకలేశాడు. అది షెడ్డు అన్నాడు. వాళ్ళకి మనం అంత అందమైన ద్వారం కట్టిస్తున్నాం కదా అన్నాడు. వాళ్ళు ద్వారం అడిగారా అని నేనన్నాను. అక్కడ నా గొంతు పెరిగిన మాట నిజమే. ఆ శాఖలో అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ నేను అరిచింది లేదు.

సంతకమైన షీటులో దిద్దుబాటు ఉంటే ఆ షీటు చెల్లదు, వేరే మనిషి మళ్ళీ సర్వే చేయాలి. ఇది శాఖ నిబంధనే. బ్రిడ్జిల విభాగం నుంచి మరొక అసిస్టెంట్‌ని పంపుతున్నట్టు కాగితం వచ్చింది. ఆగస్టు రెండో మంగళవారం, పొద్దున పది గంటలకి! సాయంత్రం పంపమని నేను రాసి ఇచ్చాను. నాలుగున్నర తర్వాత ట్రక్కు బయట ఉండకూడదని జవాబిచ్చారు. పొగ వచ్చే వేళ తెలిసి కూడా పొగ లేని వేళకే పంపడాన్ని ఏమనాలి? గుడ్డితనం అంటే గుడ్డివాళ్ళని అవమానించినట్టు.

ఒకాడాకి ఫోన్ చేసి ఆ తేదీ, ఆ గంట చెప్పాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. అది నేరమైతే నేరమే.

ఆ మంగళవారం సెలవు పెట్టి చిక్కుడు మళ్ళ పక్కన నిలబడ్డాను. ఆగస్టు ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. పియర్ కోతలు జోరుగా సాగుతున్న రోజులు, ఒక పూట పని పోతే చెట్టు మీదే కాయ పండి పాడైపోతుంది. అయినా తోట పని మానుకుని పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో పెద్దాయనకి తొంభై ఒకటి. మోరిటా గారు తెల్లవారుజామునే పొయ్యి వెలిగించింది. పది గంటలకి బ్రిడ్జిల ఇంజనీరు తలుపు తీసేసరికి మగవాళ్ళ వైపు అయిదుగురు తొట్టిలో మెడ దాకా మునిగి కూర్చుని ఉన్నారు. తొంభై ఒకటో ఏట ఆ పెద్దమనిషి, ఆ వేడిలో, ఆ వేడి నీళ్ళలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని, తమకి స్నానశాల ఉందని ప్రభుత్వానికి రుజువు చూపించాడు. వచ్చినతను తలుపు మూసి బయటికి వచ్చి, ఎర్రబడ్డ మొహంతో, ‘వాడకంలో ఉంది’ అని రాసుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక నేను మోరిటా గారి దగ్గరికి వెళ్ళి గెలిచారు కదా అన్నాను. ఆవిడ సంతోషించలేదు. పొయ్యిలో కొమ్మలు వెనక్కి లాగి, మంట ఆర్పుతూ, “ఇవాళ ఎవరికీ మురికి లేదు. నీళ్ళు దండగ” అంది. సాయంత్రానికి మళ్ళీ తొట్లు నింపి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.

నోటీసులు ఇచ్చారు, విచారణ జరిగింది, పార్కింగ్ పియర్‌పళ్ళ షెడ్డు వెనక్కి మారింది. ద్వారం మాత్రం కట్టారు. వచ్చినవాళ్ళు ఇప్పటికీ దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. స్నానశాల 1987 వరకు నడిచింది. ఆ ఏడు మోరిటా గారికి కొమ్మలు విరిచే ఓపిక పోయింది. 1982 అసోసియేట్ జాబితాలో నా పేరు లేదు, మూడేళ్ళ తర్వాత వచ్చింది.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒక్కటే. ఒక చోటు వాడకంలో ఉందా అన్న ప్రశ్నకి, మనం ఏ గంటకి వెళ్ళామన్నది సగం జవాబు. మా ఫీల్డ్ షీటులో గంట రాయడానికి గడి లేదు. పెట్టమని నాలుగుసార్లు రాశాను, నేను రిటైరయ్యే దాకా పెట్టలేదు. అందుకని ప్రతి షీటు అంచునా నా చేత్తో నేనే గంట రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవాణ్ణి.