చెప్పొద్దన్న మాట కూడా చెప్పాను

2023 చలికాలం. శ్రీకాకుళంలో ఒక హోటల్ హాలు. జపాన్ నుంచి నాలుగు చిన్న కంపెనీలవాళ్లు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సాంకేతిక పరికరాలు తయారుచేసే చిన్న సంస్థలతో వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరికి ఎవరు భాగస్వాములుగా పనికొస్తారో తేల్చడం ఆ పర్యటన ఉద్దేశం. దీన్ని ట్రేడ్ మిషన్ అంటారు. వచ్చినవాళ్లు తమ తరఫున నన్ను పిలిపించుకున్నారు. నేను దుబాసీని. జపనీస్ మాటను తెలుగులోకి, తెలుగు మాటను జపనీస్‌లోకి చేరవేయడం నా బతుకుతెరువు.

మా పనిలో రెండు పద్ధతులున్నాయి. పెద్ద సభల్లో అద్దాల గదిలో కూర్చుని, వక్త మాట్లాడుతుండగానే మైకులో అనువదించేది సైమల్టేనియస్. టేబుల్ దగ్గర ఇద్దరి మధ్య కూర్చుని, ఒకరు ఆగాక రెండోవారికి చెప్పేది కాన్సిక్యూటివ్. ఇది తేలికనుకుంటారు గానీ కాదు. అద్దాల గదిలో ఉన్నవాళ్ల జోలికి ఎవరూ రారు. టేబుల్ దగ్గరైతే ప్రతివారూ తమకు నచ్చినట్టు చెప్పమని మోచేత్తో పొడుస్తారు. నియమం మాత్రం ఒకటే. అక్కడ పైకి అన్న ప్రతి మాటా అవతలివారికి చేరాలి. ఏదీ కలపకూడదు, ఏదీ తీసేయకూడదు. ఇంకో సంగతి, మేం "ఆయన ఇలా అంటున్నారు" అనం. మాట్లాడినవారి నోరు మేమే అయినట్టు "నేను" అనే చెబుతాం.

ఆ రోజు ఉదయమంతా శాలువాలకూ ఉపన్యాసాలకూ పోయింది. పరికరాలు ఒళ్లో పెట్టుకుని ఆశగా కూర్చున్న కుర్రకంపెనీలవాళ్లు చప్పట్లు కొట్టి కొట్టి అలిసిపోయారు. అసలు మాటలు మొదలయ్యేసరికి భోజనాల వేళ దగ్గరపడింది. నా ఒంట్లో మంట అప్పుడే మొదలైంది.

మూడో టేబుల్ కుసుమది. ఊరు నరసన్నపేట, వయసు ముప్పైకి అటూ ఇటూ. ఎలక్ట్రానిక్స్ చదివింది. ముగ్గురు స్నేహితులతో కలిసి, రైస్ మిల్లు మోటార్లకు తగిలించే చిన్న పరికరం తయారుచేసింది. బేరింగ్ పాడయ్యే ముందు మోటారు మోత, వణుకు మారతాయి. ఈ పరికరం ఆ మార్పును పసిగట్టి మిల్లు యజమాని ఫోనుకు మెసేజ్ పంపుతుంది. అంతా బాగానే ఉంది గానీ తవుడు దుమ్ముతో చిక్కొచ్చింది. లోపలి సెన్సర్‌లోకి దుమ్ము చేరి, వానాకాలం తేమకు గట్టిపడి, పరికరానికి చెవుడొచ్చేస్తోంది. మిల్లులవాళ్లు ఒక్కొక్కరే విప్పి తిరిగిచ్చేస్తున్నారు. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే కంపెనీ ఉండదు. ఎదురుగా కూర్చున్న మోరి గారి కంపెనీ చేసేది దుమ్ము చొరబడని సెన్సర్లు. ఇంతకన్నా మంచి జోడీ ఆ హాల్లో లేదు.

ఆ ఇద్దరి మధ్యకీ ఒక కుర్చీ వచ్చింది. అందులో స్థానిక చిన్న పరిశ్రమల సంఘం అధ్యక్షుడు కూర్చున్నారు. హాలు, భోజనాలు ఏర్పాటుచేసింది ఆయనే కాబట్టి ఏ టేబుల్ దగ్గరైనా కూర్చోవచ్చనుకున్నారు. మిగతాచోట్ల ఫొటో దిగి లేచిపోయిన మనిషి ఇక్కడ కదల్లేదు.

మోరి గారు మొదట అడిగింది ఇది: "మోటారు బాగున్నా ఇది పొరపాటున మోగిన సందర్భాలున్నాయా?"

కుసుమ నోరు తెరిచేలోపు అధ్యక్షుడు నా వైపు చూసి అందుకున్నారు. "అలాటివేటీ నేవని సెప్పమ్మా."

"ఉన్నాయండి," అంది కుసుమ ఆయన్ను దాటుకుని. "తేమెక్కువున్న ధాన్యం పడితే మోత మారిపోతాది. అప్పుడు తప్పుగా మోగతాది. దాన్ని సరిసేస్తన్నాం."

నేను ఆయన మాటా చెప్పాను, ఆమె మాటా చెప్పాను. మోరి గారు ఆమె జవాబుకు తలూపి రాసుకున్నారు. లోపం దాచకుండా చెప్పే మనిషి కోసమే ఆయన అంత దూరం వచ్చారని నాకర్థమైంది.

తర్వాతి ప్రశ్న: "ఎక్కువ సంఖ్యలో తయారుచేయాల్సివస్తే ఏం చేస్తారు?"

అధ్యక్షుడు నా వైపు వంగారు. గొంతు కాస్త తగ్గించారు గానీ అది గుసగుస కూడా కాదు.

"సూడమ్మా, నువ్వు మన జిల్లా పిల్లవే గదా. ఈ పిల్ల రేపు పెళ్లయి ఎల్లిపోతాది, కంపెనీ మూసేస్తాది. మా మేనల్లుడికి విశాపట్నంలో పెద్ద సెటప్ ఉన్నాది. సరుకంతా ఆడి దగ్గరే తయారవుతాదని, కాగితాలు ఆడితోనే రాసుకోమని మెల్లగా నువ్వే కలిపి సెప్పీ. నానన్నానని మాత్రం సెప్పకు."

కుసుమ అక్కడే ఉంది, చేయి చాస్తే తగిలేంత దగ్గర్లో. ఆమె వినకూడదని కూడా ఆయన అనుకోలేదు. విన్నా ఏం చేస్తుందిలే అనుకున్నారు. నాకు ఒళ్లు మండింది ఆయన అత్యాశకు కాదు, ఆ ధీమాకు. ఏళ్ల తరబడి మిల్లుల మోతలో చెవులు హోరెత్తేదాకా నిలబడి ఒక వస్తువు తయారుచేసిన మనిషిని, ఆమె ఎదుటే, కుర్చీ జరిపినంత తేలిగ్గా పక్కకు జరిపేశారు. పైగా అందులో నన్ను కూడా చేయి వేయమన్నారు!

నేను వెన్ను నిటారు చేసుకుని మోరి గారి వైపు తిరిగి జపనీస్‌లో మొదలుపెట్టాను. "చూడమ్మా, నువ్వు మన జిల్లా పిల్లవే కదా..." అక్కణ్నుంచి ఒక్క మాట వదల్లేదు. పెళ్లి, మేనల్లుడు, విశాఖపట్నం, కాగితాలు అన్నీ వరసగా చెప్పాను. చివర్న "నేనన్నానని మాత్రం చెప్పకు" అని కూడా చెప్పి ఆగాను.

మోరి గారి కలం ఆగిపోయింది. "ఆఖరి వాక్యం కూడా ఆయనదేనా?"

"అన్నీ ఆయనవే."

ఆయన కుసుమ వైపు తిరిగారు. "ఇది తయారుచేసింది మీరేనా?"

"నేనూ, నా ఫ్రెండ్స్ ముగ్గురూనండి."

"ఈయన మీ కంపెనీలో ఏమవుతారు?"

ఆ ప్రశ్నను నేను తెలుగులో కాస్త గట్టిగానే అడిగాను. కుసుమ అధ్యక్షుడి మొహంలోకి చూసింది. "ఏటీ అవరండి."

అప్పుడాయనకు అనుమానమొచ్చింది. "ఏటమ్మా, ఏటి సెప్పేసినావు ఆయనకి?"

"మీరన్నదేనండి. మొత్తం."

"సెప్పొద్దన్నాను గదా!"

"ఆ మాట కూడా చెప్పానండి."

ఆయన లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. నన్ను తక్షణం పంపించేయమని నిర్వాహకుల మీద కేకలేశారు. నేను వచ్చింది అతిథుల తరఫున కాబట్టి వాళ్లేమీ చేయలేకపోయారు. కుసుమ, మోరి గారు మాత్రం ఆ గొడవలోనే తలలు దగ్గరపెట్టి తవుడు దుమ్ము గురించి మాట్లాడుకున్నారు. నేను ఇద్దరి మాటలూ చేరవేశాను. పరీక్షించి చూడటానికి కొన్ని సెన్సర్లు పంపుతానని మోరి గారు మాటిచ్చారు.

భోజనాల దగ్గర కుసుమ నా పక్కకొచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను.

"అక్కా, మీరు మంచే సేసినారు. కానీ పెళ్లయి ఎల్లిపోతాదన్న మాట కూడా మోరి గారి ముందెట్టేసినారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదు కుసుమా."

"అది మీకూ నాకూ తెలుసు. మీరు రేపు ఇంకో ఊరెల్లిపోతారు. ఈయనున్న సంఘంలోనే నాను బతకాల."

అవమానించినవాడు హాయిగా పెరుగన్నం తింటుంటే, అవమానపడ్డ మనిషి రేపటి గురించి బెంగపెట్టుకోవాల్సిరావడం ఏం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. శాలువాతో మోరి గారు, పక్కన అధ్యక్షుడు. జిల్లాకు జపాన్ సాంకేతికత ఆయన చొరవతోనే వస్తోందని కింద రాశారు. కుసుమ ఎక్కడా లేదు.

మోరి గారు మాట తప్పలేదు. సెన్సర్లు పంపారు. కుసుమ వాటిని నరసన్నపేటలో ఒక మిల్లుకు బిగించి వానాకాలమంతా చూసింది. చెవుడు రాలేదు. ఇప్పుడు ఆ సెన్సర్లతోనే వాళ్ల పరికరం నరసన్నపేటలో తయారవుతోంది. కుసుమకు పెళ్లయింది, కంపెనీ మూతపడలేదు. ఆ సంఘం మాత్రం ఆమెను ఇప్పటికీ ఏ సమావేశానికీ పిలవదు. నన్నూ అంతే.

ఆ రోజు తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏ టేబుల్ దగ్గర కూర్చున్నా ముందుగా రెండు భాషల్లోనూ చెబుతాను. "ఇక్కడ పైకి అన్న ప్రతి మాటా అవతలివారికి చేరుతుంది. చెప్పొద్దన్న మాటతో సహా." కొందరు నవ్వేస్తారు. కొందరు మొహం ముడుచుకుని లేచి, మాట్లాడుకోవడానికి వరండాలోకి పోతారు. పోనివ్వండి. వాళ్లు పోయాక, వస్తువు తయారుచేసినవాళ్లు తమ మాట తామే మొదలుపెట్టి, తామే పూర్తిచేస్తారు.