మూడు ముళ్ల మోటారు

ప్రొద్దుటూరులో మా నాయన పెట్టిన మోటార్ల రిపేరు షాపులో, కాలిపోయిన మోటార్లకు పదహారేళ్లుగా రాగితీగ చుట్టేది నేనే. మూడేళ్ల కిందట జమ్మలమడుగు వైపు ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు కావాలంటే ఇంటర్వ్యూకు వెళ్లాను.

అక్కడి సారు నా కాగితాలు తిరగేసి, "పదో తరగతేనా? ఐటీఐ గూడా లేదా?" అన్నాడు. పిల్లలకు చూపించడానికి మూత తీసి బల్లమీద పెట్టిన మోటారు వైపు వేలు చూపించాడు. "ఇంత నీటుగా చుట్టాలంటే సదువుండాలమ్మా. నీకొస్తాదా?"

ఆ మోటారు చూడగానే నాకు ఒళ్లు మండింది.

"వెనక్కి తిప్పి చూడు సార్. తీగ చివర ఎర్రదారంతో మూడు ముళ్లుంటాయి. 'తాళికేసినట్ల మూడు ముళ్లెయ్యి, ఊడదు' అని మా నాయన నేర్పిన పని. రెండేండ్ల కింద అది మా షాపుకొచ్చింది. చుట్టింది నేనే!"

తిప్పాడు. మూడు ముళ్లూ ఉన్నాయి.

"అయినా సర్టిఫికెట్ లేదు గదమ్మా," అంటూ నా కాగితాలు నా చేతిలో పెట్టాడు.

ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పటికీ అక్కడ ఆ మోటారునే చూపించి పాఠం చెబుతున్నారట. నా ముళ్లు చూసి నేర్చుకున్న వాళ్లందరికీ సర్టిఫికెట్లు వస్తున్నాయి.