వెండి అణువులు, కుంకుమ బొట్టు

రాయదుర్గంలో ఒక అద్దాల టవర్ కింద, కిటికీ లేని గదిలో మా ల్యాబ్ ఉండేది. అందులో నేను, నేను అక్కా అని పిలిచే మా ల్యాబ్ పెద్ద, ఒక యంత్రం. రాగి పలక మీద చల్లిన వెండి అణువులను ఆ యంత్రం ఒక్కొక్కటిగా తెరమీద చూపించేది. గడ్డకట్టే చలిలో ఉంచితేనే అవి ఎక్కడివక్కడ ఉంటాయి. కాస్త వెచ్చబడితే చాలు, పలక మీద తిరుగుతూ ఒకదానికొకటి తగిలి ముద్దకడతాయి. ఆ ముద్దలే నానోకణాలు. అక్కకు కావలసింది అవి కాదు, దేనికది విడిగా నిలబడ్డ అణువులు. దసరా సెలవు కాగానే యజమానులు వచ్చి చూస్తారు, నచ్చకపోతే ల్యాబ్ మూసేస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, పైకి అనుకునేవాళ్ళం కాదు.

సెలవుకు ముందురోజు ఆయుధపూజ. అక్కవాళ్ళది కంసాలుల ఇల్లు. పూజవేళ పనిముట్టుకు విశ్రాంతి ఇవ్వాలని ఆమె పట్టు. ఇలాంటి వాటి మీద నాకు ఓపిక తక్కువ, గొణిగాను.

“జరసేపే గద తమ్మీ. సల్లదనం యాడికి పోతది?” అంది.

చల్లబరిచే పంపు ఆపి, యంత్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. తర్వాత గుమ్మడికాయ కొడుతున్నారంటే గేటు దగ్గరికి వెళ్ళాం. పక్క ఆఫీసులవాళ్ళు పులిహోర పెట్టారు, మెట్రోలో రద్దీ పెరగకముందే బయల్దేరమన్నారు. అటునుంచి అటే ఇళ్ళకు పోయాం. పంపు ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

సెలవు అయ్యాక తెరమీద విడి అణువు ఒక్కటీ లేదు. అన్నీ దిబ్బలే, గుండ్రంగా, ముచ్చటగా. ఆ అందం చూసి నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ మొదటినుంచి చేసే వ్యవధి లేదు. యజమానులు వచ్చినప్పుడు, పంపు ఆపింది తానేనని అక్క దాచకుండా చెప్పింది. వాళ్ళు మర్యాదగా విన్నారు, మర్యాదగానే మూసేశారు.

యంత్రాన్ని తీసుకుపోయే రోజు వచ్చింది. దాని మీద దండ ఇంకా ఎండి వేలాడుతోంది. దీనివల్లే కదా అనుకుంటూ తెంపి చెత్తబుట్టలో పడేశాను. తడిగుడ్డ తెచ్చి బొట్టు కూడా తుడవబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“బొట్టు తుడవకు తమ్మీ. అది ఇంకోతాన పోయి పని చెయ్యాలె గద.”

ల్యాబ్ మూసేస్తామన్నప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. యంత్రం బొట్టుతోనే లిఫ్టెక్కింది.