రెండు బ్యాటరీలు, ఒక బీఎస్సీ

మా ఇంట్లో జరిగిన ఘోరాన్ని మా అత్తగారు జోడ్‌భావి పేటంతా ఇప్పటికే చాటేశారు. ఆమె చెప్పే కథలో నేను బొత్తిగా తెలివితక్కువదాన్ని. నా కథలో అంతకంటే ఒక వీసమెత్తు నయం. ఆ వీసం కోసమే బాబును నిద్రపుచ్చి ఇది రాస్తున్నాను.

పోయిన వానాకాలం మా రెండేళ్ల బాబుకి ఆయాసం పట్టుకుంది. పొద్దునా సాయంత్రం నెబ్యులైజర్ పెట్టాలి, ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు డాక్టరు. ఆ మిషన్‌కి కరెంటు కావాలి. మా పేటలో కరెంటేమో సరిగ్గా సాయంత్రమే, మర్యాద తక్కువైన అల్లుడిలా అలిగి వెళ్లిపోయేది.

మా ఆయన తను పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో మూలనపడ్డ ఇన్వర్టర్ ఒకటి అడిగి తెచ్చారు. దానికి ఇరవై నాలుగు వోల్టులు కావాలట. కారు బ్యాటరీ ఒక్కొక్కటి ఇచ్చేది పన్నెండే. అందుకని కొంతం చౌక్‌లో పాత బ్యాటరీలు రెండు కొన్నాం. దుకాణదారు అడిగాడు కూడా: "తాయీ, మనిషిని పంపిస్త, జోడించి పోతడు."

"అక్కర్లేదు. నేను బీఎస్సీ ఫిజిక్స్."

ఆ మాట ఎంత గంభీరంగా అన్నానో తలచుకుంటే, నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు సాయంత్రం కరెంటు పోగానే రంగంలోకి దిగాను. ఎర్ర కొసకు ఎర్ర కొస, నల్ల కొసకు నల్ల కొస బిగించి, ఇన్వర్టర్‌కు తగిలించాను. అది తోక తొక్కిన పిల్లిలా కీచుమని ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నారు మా ఆయన.

"బ్యాటరీలు సచ్చినయి. మోసం చేసిండు వాడు."

"నిన్ననే గదా తెచ్చినం."

"నిన్న తెస్తే ఇయ్యాల సావద్దా?"

రెండు బ్యాటరీలను ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని, భుజాన పిల్లల కోడిలా గురగురమంటున్న బాబును వేసుకుని, వానలో మళ్లీ కొంతం చౌక్ చేరాం. దుకాణదారును కడిగేశాను. అతను మీటరు పెట్టాడు.

"పన్నెండున్నర. ఇది భీ పన్నెండున్నర. ఏక్‌దమ్ బరాబర్ ఉన్నయి తాయీ."

"మీ మీటరే ఖరాబున్నది."

"ఇంటికాడ ఎట్ల జోడించిన్రు?"

"ఎట్ల జోడిస్తరో అట్లనే."

మంచివాడు, ఇంకేమీ అడగలేదు. ఆ మంచితనం మీద నాకిప్పటికీ కోపమే. ఇంకొక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది?

ఇంటికొచ్చేసరికి కరెంటు ఇంకా రాలేదు. బాబు ఛాతీలో ఈల మొదలైంది. వరండాలో బీడీలు చుడుతున్న అత్తగారు చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లోపలికొచ్చారు.

"ఎట్ల కట్టినవో సూపెట్టు."

"ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది."

"మగ్గం మీద అతుకుతున్నవా?"

నిజం. పదేళ్లప్పటి నుంచి మా అమ్మ పక్కన కూర్చుని పాత పడుగుకు కొత్త పడుగు ముడివేసినదాన్ని. ఎర్ర పోగుకు ఎర్ర పోగే. నల్లది తగిలిందా, చద్దర్ దుప్పటి అంచు చెడి, వీపు మోగేది. మూడేళ్ల ఫిజిక్సు ఆ దెబ్బల ముందు ఏపాటిది?

అత్తగారు టార్చి విప్పి సెల్లులు నా ముందు పెట్టారు. "గీ సెల్లు మూతి గా సెల్లు అడుగుకు తాకాలె. రెండు మూతులు ఒక్కదిక్కే పెడితే టార్చి ఎల్గుతదా బిడ్డా?"

ఒకదాని ఎర్ర కొసను రెండోదాని నల్ల కొసకు కలిపాను. పన్నెండూ పన్నెండూ కలిసి ఇరవై నాలుగయ్యాయి. మిగిలిన రెండు కొసలు ఇన్వర్టర్‌కిచ్చాను. అది బుద్ధిగా గుయ్‌మంది. బాబు ముక్కు మీద మాస్కు పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ఈల సన్నగిల్లింది, ఆగింది. అప్పుడు గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన నోరు తెరిచారు. "నాకు ముందుగాలనే డౌటొచ్చింది."

"వస్తే చెప్పవా?"

"నువ్వు బీఎస్సీ గదనే. నడుమ నేనేం మాట్లాడాలె?"

కనుక నూనె దీపం సాక్షిగా (కరెంటును నమ్మి ప్రమాణాలు చేయలేం కదా) శపథం చేస్తున్నాను. నా బిడ్డ ఊపిరితో ముడిపడిన పనిలో నా చదువు పేరు ఎత్తను. జోడిస్తానన్న ప్రతి మనిషినీ జోడించనిస్తాను. దుకాణదారుకు క్షమాపణ కూడా చెప్పి వచ్చాను. మా ఆయనకు మాత్రం చెప్పేది లేదు. తెలియక చేసినదాన్ని నేను, తెలిసి ఆ రెండు బ్యాటరీలనూ ఆటో దాకా మోసింది ఆయన.